శోభకు అర్ర ఏది?

"స్విచ్చి తీసింది నేనే. ఏం జేస్తవో జెయ్యి" అన్నాడు బుచ్చన్న.

సంధ్యారాణి నల్లబడిన కంప్యూటరు తెర వంక చూస్తూ నిలబడిపోయింది. చేతిలో అప్పుడే కడిగిన గిన్నె. నీళ్లు గచ్చు మీద కారుతున్నా చూసుకోలేదు.

పొద్దున లేచింది మొదలు ఆ కంప్యూటరు కొత్త ఇంటి హాలు బొమ్మను కొంచెం కొంచెంగా తయారు చేస్తూనే ఉంది. లోడు ఎక్కువై ఫ్యూజు పోతుందేమోనని కూలరు కూడా ఆపేసి, ఆ ఉక్కపోతలోనే వంట చేసింది. ఇంకాస్త ఓపిక పడితే బొమ్మ పూర్తయ్యేది.

"మామా, మళ్ల మొదటికెల్లి పెట్టాలె ఇగ" అంది, గొంతు పెంచకుండా ఉండటానికి కష్టపడుతూ.

"పెట్టకు. ఎన్నిసార్లు పెట్టినా గదే నల్లగ వస్తున్నది. నిన్నటి సంది సూస్తనే ఉన్న. హాలా అది? బొగ్గుబాయి లెక్కున్నది! జిందగంత బాయిల దిగిన. నా ఇంటి బొమ్మ కూడ బాయేనా?"

"అందుకే సరి చేస్తున్న గద..."

"ఏం సరి చేస్తున్నవ్? బేస్తారం నాడు కొత్త ఇంటికి ముగ్గుపోస్తున్నం. నాతోటి పనిచేసినోల్లంత వస్తరు. ఇంటి బొమ్మతోటి ఇంత పెద్ద ఫ్లెక్సీ కట్టిస్త అని షిఫ్టుల అందరికి చెప్పుకున్న. ఫ్లెక్సీ షాపాయన ఈ మాపటికల్ల బొమ్మ పంపుమన్నడు. నల్లబొమ్మ కట్టి నలుగురిల నవ్వులపాలు గావాల్నా?"

"ఆ పిల్ల మీద ఎందుకు ఒర్లుతవ్?" వంటింట్లోంచి అత్త సారక్క అడ్డు తగిలింది. "అన్నమైంది. రాండ్రి, తిందురు."

"శోభ తిన్నదా?" అన్నాడు బుచ్చన్న.

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. వెనక వరండా తలుపు మూసే ఉంది.

బుచ్చన్న తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, తిననని చెప్పకుండానే బయటి అరుగు మీదికి వెళ్లిపోయాడు.

సంధ్య గిన్నె కింద పెట్టి, స్విచ్చి మళ్లీ వేసింది.

ఆ ఇంట్లో మూడు రోజులుగా ఇదే వరస. కంపెనీ క్వార్టరు ఖాళీ చేసే గడువు దగ్గరపడింది. బుచ్చన్న బొగ్గుగని ఉద్యోగం ఈ నెలతో అయిపోతుంది. ఊరవతల కొనుక్కున్న చిన్న జాగాలో ఇల్లు కట్టుకోవాలి. కోడలు సివిల్ డిప్లొమా చదివింది, ఇళ్ల బొమ్మలు గీయడం నేర్చుకుంటోంది. ఇంకేం, మన ఇంటి బొమ్మ మనమే గీసుకుందామని అందరూ సంబరపడ్డారు.

కాగితం మీద ప్లాను ఉన్నంతవరకు ఎవరికీ గొడవ లేదు. ఆ గీతలు సంధ్యకు తప్ప ఎవరికీ అర్థం కాలేదు మరి. అదే ప్లానును ఆమె మోడలింగు సాఫ్ట్‌వేరులో గోడలు లేపి, తలుపులు పెట్టి, మౌసు తిప్పుతూ ఇల్లంతా నడిపించి చూపించిన రోజున మొదలైంది అసలు కథ.

"ఇది హాలు. ఇది దేవుని అర్ర. ఇది అత్తమ్మది, మామది. మీదికి పోతే మాది" అంటూ చూపిస్తోంది సంధ్య. అందరి వెనక నిలబడి చూస్తున్న ఆడబిడ్డ శోభ, "నా అర్ర ఏది సంధ్యా?" అని అడిగింది.

సంధ్య మౌసు ఆగిపోయింది. ఆమె మామయ్య మొహం చూసింది. మామయ్య తన కొడుకు వేణుమాధవ్ మొహం చూశాడు. కొడుకు ఫోను చూసుకున్నాడు.

అప్పట్నుంచి శోభ ఆ వెనక వరండాలోనే ఉంటోంది. కాలనీలో చిన్నపిల్లల బడిలో టీచరు. వేసవి సెలవులు కాబట్టి బయటికి వెళ్లే పని లేదు. భర్త రాజంతో పొసగక బెల్లంపల్లి నుంచి పుట్టింటికి వచ్చి ఏళ్లయింది. ఆ వరండాకు రేకులు దించి, మంచం వేసి, దాన్నే గది చేసుకుంది. కొత్త ఇంట్లో ఆ రేకుల వరండా కూడా లేదు.

ప్లాను గీసింది సంధ్యే. కానీ ఏ గది ఎక్కడో చెప్పింది బుచ్చన్న. "వదినెకు?" అని ఆమె అప్పుడే అడిగింది. "సూద్దాం తియ్యి" అన్నాడాయన. చూద్దామన్న మనిషి చూడలేదు. ఇప్పుడు తప్పంతా బొమ్మ గీసిన చేతిదే అయింది.

కంప్యూటరు తెరుచుకుంది. పోయిన ఫైలు తిరిగి తెరవమంటారా అని అడిగింది. ఇల్లు క్షేమంగానే ఉంది. పోయింది బొమ్మ మాత్రమే.

సంధ్యకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఫోను తీసి, నిన్న దాచుకున్న నల్ల హాలు బొమ్మను తెర మీద తెరిచి ఫోటో కొట్టి, 'త్రీడీ దోస్తులు' గ్రూపులో పెట్టింది.

అది ఆ చుట్టుపక్కల ఇళ్ల బొమ్మలు గీసేవాళ్లు కలిసి పెట్టుకున్న గ్రూపు. ఖని నుంచి, రామగుండం నుంచి, బసంత్‌నగర్ నుంచి ఉన్నారు. ఎవరూ ఏ పెద్ద సంస్థలోనూ నేర్చుకోలేదు. వీడియోలు చూసి, చెడగొట్టుకుని, ఒకరినొకరు అడిగి నేర్చుకున్నవాళ్లే.

"హాలు నల్లగ వస్తున్నది. బయట మంచిగ ఎండ కొడుతున్నది. లోపలికి వెలుగు వస్తలేదు. జల్ది చెప్పుండ్రి, ఇయ్యాల మాపటికి కావాలె" అని రాసింది.

"డ్రైవర్ అప్‌డేట్ చెయ్యుండ్రి" అని ఒకాయన వెంటనే రాశాడు. ఆయన ఏ ప్రశ్నకైనా అదే రాస్తాడు.

"ఎండ పెంచండి మేడం."

"సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్ల ఎక్కించుడే."

"నాకు గూడ సేమ్ ప్రాబ్లం" అని ఇంకొకరు.

సంధ్యకు ప్రాణం లేచొచ్చింది. "మీకు ఎట్ల పోయింది?" అని అడిగింది.

"పోలే" అని వచ్చింది జవాబు.

వీళ్లందరి మధ్యలో ఎవరో గులాబీ పువ్వు మీద గుడ్ ఆఫ్టర్‌నూన్ పెట్టారు. ఫోను గోడకేసి కొడదామన్నంత ఉక్రోషం వచ్చింది సంధ్యకు.

అయినా చెప్పినవాటిలో చేయదగ్గది చేసింది. సాఫ్ట్‌వేరులో ఎండ పెంచింది. బయట ప్రహరీ గోడ సున్నం పోసినట్టు తెల్లగా మండిపోయింది. హాలు ఇసుమంత కూడా మారలేదు. పైకప్పుకు దీపాలు పెట్టింది. సినిమా హాల్లో ఇంటర్వెల్ ఇచ్చినట్టు మసకగా వెలిగింది. ఆ మసకలో కుర్చీలు ఇంకా దిగులుగా కనిపించాయి.

అప్పుడు అమీర్ గొంతు వచ్చింది, వాయిస్ మెసేజ్‌గా. బసంత్‌నగర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర డ్రాయింగులు చేస్తాడు. గ్రూపులో అందరికన్నా ముందు నేర్చుకున్నవాడు. విసుగు కూడా అందరికన్నా ఎక్కువే.

"సంధ్య చెల్లే, ఎన్నిసార్లు చెప్పాలె? ఫోనుతోటి తెర ఫోటో కొట్టి పెట్టకుండ్రి అని. నీ ఫోటోల నీ బొటనేలు కనవడ్తున్నది, ఎనక మీ కూలర్ కనవడ్తున్నది, హాలొక్కటే కనవడ్తలేదు. స్క్రీన్‌షాట్ పెట్టు. సెట్టింగులు గూడ పెట్టు. నేను సైటు మీదున్న, మెల్లగ చూస్త."

మెల్లగా చూసే తీరిక ఎవరికుంది? సంధ్య అతనడిగిన స్క్రీన్‌షాట్లు పంపి, స్నేహితురాలు జూహీకి ఫోను చేసింది.

జూహీ స్కూటీ మీద వచ్చేసరికి ఓపెన్‌కాస్టు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగు అయింది. కిటికీ రెక్కలు గడగడలాడాయి. అరుగు మీద కూర్చున్న బుచ్చన్న తల కూడా తిప్పలేదు.

"సలాం కాకా. గిట్ల కూసున్నరేంది ఎండల?" అంది జూహీ, బ్యాగులోంచి తన ల్యాప్‌టాప్ తీస్తూ.

"మీ అక్క నాకు బాయి కడ్తున్నది బిడ్డా. పొయ్యి సూడు" అన్నాడాయన.

జూహీ నాన్న ఇస్హాక్ లారీ మెకానిక్కు. ఆ పిల్లకూ నాన్న గుణమే వచ్చింది, ఏది చెడిపోయినా విప్పి చూడందే ఊరుకోదు. సంధ్య, తను ఒకే వీడియో చూసి ఒకే రోజు ఈ పని మొదలుపెట్టారు. ఒకరికి తట్టనిది ఇంకొకరికి తట్టేది.

"ముఖాలు చూసినవా అక్కా?" అంటూ కుర్చీ లాక్కుంది.

సాఫ్ట్‌వేరులో లేపిన ప్రతి గోడకూ ముందొకటి, వెనకొకటి ఉంటాయి. బట్టకు మంచి వైపు, తిరగ వైపు ఉన్నట్టు. పొరపాటున తిరగ వైపు బయటికి వస్తే బొమ్మలో నల్లగా పడుతుంది. ఇద్దరూ కూర్చుని గోడలన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశారు. మెట్ల దగ్గర కొన్ని తిరగబడే ఉన్నాయి. సరిచేశారు. చిన్న సైజులో రెండర్ పెట్టారు, అంటే మోడలును బొమ్మగా తీయమన్నారు.

మెట్లు మెరిశాయి. హాలు నల్లగానే ఉంది.

"యా అల్లా" అంది జూహీ.

రెండోసారి పెట్టేసరికి తెర మొత్తం బిగుసుకుపోయింది. మౌసు కదలదు, కీబోర్డు పలకదు. 'పని చేయడం లేదు' అని ఒక పెట్టె మాత్రం వచ్చి కూర్చుంది.

"ఇంట్ల మనుషులు మాట్లాడుతలేరు, ఇదీ మాట్లాడుతలేదు" అంది సంధ్య. జూహీ నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆపేసుకుంది.

అంతలో వేణుమాధవ్ ఫస్ట్ షిఫ్టు దిగి వచ్చాడు. ఓపెన్‌కాస్టులో డంపరు నడుపుతాడు. కనుబొమల దాకా దుమ్ము. అరుగు మీద తండ్రిని, మూసి ఉన్న అక్క తలుపును, కంప్యూటరు ముందు భార్యను వరసగా చూశాడు.

"అక్క తిన్నదా అవ్వా?" అని అడిగాడు.

"నన్నెందుకడుగుతవ్? పొయ్యి మీ అక్కనే అడుగు" అంది సారక్క.

వేణు బూట్లు విడవకుండానే అరుగు మీదికి వెళ్లాడు. లోపల ఇద్దరు ఆడవాళ్లూ తెర వంకే చూస్తున్నారు గానీ చెవులు అటే ఉన్నాయి.

"బాపూ, ఒక్క అర్ర పెడితే ఏం బోతది?"

"జాగ ఏడున్నదిరా?"

"ఉన్నది. హాలు మీద అంత ఖాళీగ ఇడిచిపెట్టినవ్. రెండంతస్తుల ఎత్తు ఎందుకు మనకు? గక్కడ కప్పేస్తే మీద ఒక అర్ర ఎల్తది."

"అది నేను ఇయ్య."

"ఎందుకియ్యవ్?"

బుచ్చన్న గొంతు, ఎవరితోనో కాక తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు వినిపించింది.

"నువ్వు మీద డంపరు నడుపుతవ్. నీ నెత్తి మీద మొగులుంటది. నాకు ఎన్నడన్న మొగులున్నదారా డ్యూటీల? వంగి పోయేది, వంగి వచ్చేది. కప్పు మీద కట్టెతోటి కొట్టి సప్పుడు ఇనేది. గుల్ల సప్పుడొస్తే కప్పు కూల్తదని ఎనుకకు ఉరికేది. పండుకున్నా గూడ గా కప్పే కనవడ్తది నాకు. నా ఇంట్ల నేను తలకాయ ఎత్తితే కప్పు దూరముండాలె. గింతే నేను అడిగింది."

వేణు లోపలికి వచ్చి గోడకు ఆనుకున్నాడు.

సంధ్య చేయి మౌసు మీద ఆగిపోయింది. పెళ్లయి ఈ ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఆయన గని లోపలి సంగతి చెప్పగా ఆమె వినలేదు. ఎత్తు హాలు ఎవరి ఇంట్లోనో చూసి పుట్టిన సరదా అనుకుంది ఇన్నాళ్లూ. పక్కనే మూసిన తలుపు వెనక శోభ కూడా వింటోందని ఆమెకు తెలుసు. ఇప్పుడు ఎవరి వైపు మాట్లాడాలి?

జూహీ ఫోను మోగింది. అమీర్. స్పీకరు పెట్టింది.

"స్క్రీన్‌షాట్ చూసిన. సెట్టింగులు మంచిగనే ఉన్నయి. ఇగ ఒక్కటే దారి. హాల్ల ఉన్న సామాను సగం దాయండ్రి. రెండర్ పెట్టుండ్రి. నల్లగనే ఉంటె మిగిలిన సగం దాయండ్రి. ఏది దాస్తే వెలుగొస్తదో దొంగ గదే."

"అంత టైం లేదు అమీరన్నా" అంది సంధ్య.

"పొద్దటి సంది ఏం చేసినవ్ మరి? సూర్యున్ని పెంచినవ్. సూర్యుడు ఏం తప్పు చేసిండు?"

ఆ మాటకు సంధ్యకు ఒళ్లు మండింది. అయినా బిగుసుకుపోయిన కంప్యూటరును ఆపి మళ్లీ వేసి మొదలుపెట్టింది. సోఫాలు దాచారు. నలుపే. పరదాలు దాచారు, జూహీ వాటి మీదే ఆశ పెట్టుకుంది. నలుపే. ఫ్యాను, పూలకుండీలు, షాండ్లియరు. ఒక్కొక్కటీ మాయమై హాలు బోడిగా అయిపోయింది గానీ చీకటి మాత్రం కదల్లేదు.

"ఇగ కిటికీలే ఉన్నయక్కా. వాటిని దాస్తే ఏమొస్తది? వెలుగొచ్చేదే వాటికెల్లి గద."

"దాయి. ఏమైతే గదైతది."

జూహీ రెండంతస్తుల ఎత్తున్న ఆ పెద్ద కిటికీని చట్రంతో సహా దాచేసి రెండర్ నొక్కింది.

ముందు బూడిదరంగు చుక్కలు పడ్డాయి. తర్వాత నేల మీద ఒక పొడుగాటి వెలుగు పట్టీ పరుచుకుంది. అది మెట్ల మీదుగా ఎక్కి, ఎదుటి గోడ మీద నిలబడి, పైకప్పు దాకా పాకింది. హాలంతా తెల్లవారింది.

"అక్కా!" అని అరిచింది జూహీ.

"కిటికీ ఎక్కడిది?" ఫోనులో అమీర్.

"నెట్ల ఫ్రీగ దొరికితే తెచ్చి పెట్టిన" అంది సంధ్య.

"గదే. దాని అద్దం అద్దం గాదు. మన కండ్లకు అద్దం లెక్క కనవడ్తది. రెండర్‌కు అది ఉత్త రంగేసిన పలక, గోడ లెక్కనే. వెలుగెట్ల పోతది? ఆ పలక తీసేసి అసలు అద్దం వెయ్యి. ఇగ నేను పోతున్న, ఇక్కడ సెంట్రింగోల్లు పిలుస్తున్నరు."

నిన్నటి నుంచి పడ్డ బాధంతా ఒక దొంగ అద్దానికి! సంధ్యకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అద్దం మార్చింది, దాచిన సామాను మళ్లీ తెచ్చి రెండర్ పెట్టింది. జూహీ వెళ్లి అరుగు మీది నుంచి బుచ్చన్నను చేయి పట్టుకుని లాక్కొచ్చింది. "చూడుండ్రి కాకా. మీ బాయిల పొద్దు పొడిచింది."

బుచ్చన్న తెర ముందు నిలబడ్డాడు. తాను నిజంగానే ఆ హాల్లో నిలబడినట్టు, మెల్లగా మెడ వెనక్కి వాల్చి పైకి చూశాడు. క్వార్టరు కప్పుకు ఫ్యాను తిరుగుతోంది. మళ్లీ తెర చూశాడు.

"గిది" అన్నాడు. "గిది నేను అడిగింది."

వెనక వరండా తలుపు తెరుచుకుంది.

శోభ వచ్చి సంధ్య కుర్చీ పక్కన నిలబడింది. జుట్టు ముడి వదులైంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. బొమ్మను తేరిపార చూసింది.

"మంచిగున్నది బాపూ" అంది. మూడు రోజుల తర్వాత ఆ ఇంట్లో ఆమె మాట్లాడిన మొదటి మాట అది. "శాన మంచిగున్నది. మరి నేనెక్కడ పండుకోవాలె?"

సారక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వేణు గోడకు ఆనుకుని, బూట్ల దుమ్మును చూసుకుంటున్నాడు. జూహీ ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టుకోవడం మొదలుపెట్టింది, పరాయి ఇంటి గొడవలో ఎంతసేపు కూర్చోవాలో తెలియక.

బుచ్చన్న, "సూద్దాం తియ్యి" అన్నాడు.

ఆ మాట వినగానే సంధ్యకు లోపల ఏదో తెగింది. మౌసు పట్టుకుంది. హాలు మీద ఖాళీగా ఉన్న చోట ఆ గోడ నుంచి ఈ గోడకు ఒక గీత గీసి స్లాబు లాగింది. దాని మీద గోడ లేపింది. ఒక తలుపు, ఒక కిటికీ. కింద హాలు సగానికి కుంగిపోయింది. పైన చిన్న గది ఒకటి పుట్టింది.

"ఇగో. ఇది శోభ వదినెది" అంది.

బుచ్చన్న తన నెత్తి మీదే ఏదో దిగుతున్నట్టు తల వంచాడు. అది చూసి సంధ్యకు చివుక్కుమంది. కానీ చేయి వెనక్కి తీసుకోలేదు.

"ఎవలు చెప్పిండ్రు నీకు గట్ల వెయ్యుమని?"

"ఎవ్వలు చెప్పలే మామా. ఎవ్వలు చెప్తలేరనే వేసిన. మీరు వదినెతోటి మాట్లాడరు. ఈయన మీతోటి మాట్లాడతడు గని వదినె దిక్కు చూడడు. అందరు వచ్చి నా కుర్చీ ఎనక నిలవడ్తరు. బొమ్మ నల్లగొస్తే నా తప్పు, అర్ర లేకుంటె నా తప్పు! మీ నెత్తి మీద కప్పు ఎత్తుగనే ఉండాలె, నాకు ఇప్పుడే సమజైంది. ఉంచుదాం. వదినెకు ఎక్కడ పెట్టాలెనో మీరే చెప్పుండ్రి. కాంపౌండ్ గోడ పక్కకా? వంటింటి మీదికా? చెప్పిన కాడ పెడ్త. గని సూద్దాం అని మాత్రం అనకుండ్రి."

కోడలు అంత గొంతెత్తడం ఆ ఇంట్లో ఎవరూ వినలేదు. సారక్క "సంధ్యా..." అని ఆగిపోయింది.

బుచ్చన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"ఆమెకు అర్ర అవసరం పడదు" అన్నాడు నేల చూస్తూ. "రాజంతోటి మాట్లాడిన. బేస్తారం నాడు వస్తుండు. ముగ్గుపోసినంక తీసుకపోతనన్నడు. మారిండట. మంచిగ సూసుకుంటడట."

"ఎప్పుడు మాట్లాడినవ్ బాపూ?" వేణు గోడ వదిలి ముందుకు వచ్చాడు. "అవ్వా, నీకెరుకేనా?"

సారక్క తల ఎత్తలేదు. తెలుసన్నమాట.

శోభ వంగి, తెర మీది ఆ చిన్న గదిని దగ్గరగా చూసింది.

"సంధ్యా, ఈ తలుపుకు గడియ ఎటు దిక్కున్నది? లోపలికా, బయటికా?"

బెల్లంపల్లిలో రాజం దుకాణానికి పోతూ ఇంటికి బయట తాళం వేసుకుని పోయేవాడు. వంటకు ఉప్పు నిండుకున్నా, జ్వరం వచ్చినా, ఆయన వచ్చేదాకా శోభ లోపలే. ఆ సంగతి ఈ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

"లోపలికే వదినే" అంది సంధ్య. "నువ్వు తీస్తేనే వస్తది."

శోభ నిటారుగా నిలబడింది. తండ్రి వైపు చేయి చాపింది.

"ఫోనియ్యి బాపూ."

"ఎందుకు బిడ్డా? కోపంల ఏం మాట్లాడకు..."

"నేను మాట్లాడ. ఇయ్యి."

బుచ్చన్న జేబులోంచి ఫోను తీసి ఇచ్చాడు. ఆమె నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, కీబోర్డు పక్కన పెట్టింది. మోగుతోంది. జూహీ లేవబోతే సంధ్య ఆమె మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఆ, మామా" అంది రాజం గొంతు, తొందరగా. "చెప్పినవా దానికి? ఒప్పుకున్నదా? బేస్తారం దాక ఎందుకు మామా, రేపే తోలియ్యి. మా అమ్మకు తుంటి బొక్క ఇరిగి మంచంల పడ్డది. ఎత్తాలె, దించాలె, ఎవ్వలున్నరు ఇక్కడ? నీకు మొన్ననే చెప్తి గద."

నీకు మొన్ననే చెప్తి గద. ఆ మాట గదిలో అందరూ విన్నారు. వేణు తండ్రి వంక చూశాడు. సారక్క మొదటిసారి తల ఎత్తి భర్త వంక చూసింది. ఆమెకు రాజం మారాడన్నంతవరకే తెలుసని, మిగతాది తెలియదని ఆ చూపే చెప్పింది.

"మామా? ఇనవడ్తున్నదా? హలో?"

శోభ ఫోను తీసి తండ్రి మొహం ముందు పెట్టింది.

"పిలుస్తుండు బాపూ. పంపుతున్నవో లేదో, నా ముంగటనే చెప్పు."

బుచ్చన్న కూతురిని చూశాడు. తెర మీద కుంగిన హాలును, దాని మీది చిన్న గదిని చూశాడు.

"హలో, మామా?"

"రాజం..." అని నోరు తెరిచాడు బుచ్చన్న.